కోటు బరువు

నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా తెలుసు. కుట్టుపని చేస్తాను, నాలుక కూడా కత్తెర లాగే ఆడుతుంది, అందుకని నాకు కత్తెర అని పేరు పడిపోయింది. పెట్టింది మా వదినే. పోనీలెండి, ఆవిడకి ఆమాత్రం హక్కుంది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు, ముప్పయ్యారేళ్ళుగా ఆవిడ నన్ను భరిస్తోంది. అందుకే ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని కూర్చున్నాను. మధ్యలో నా గొప్ప కూడా కాస్త దొర్లుతుంది. చెప్పేది నేనైనప్పుడు దొర్లకుండా ఎలా ఉంటుంది?

కింద నా షాపు, పైన అన్నయ్యావాళ్ళ కాపురం. షాపంటే ఎంత, రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక ఇస్త్రీ బల్ల, నేను కూర్చునే స్టూలు. ఆ ఇస్త్రీ బల్లనీ స్టూలునీ కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. మా అమ్మ కాలంలో ఈ షాపుకి ఆస్పత్రి గుడ్డల పని ఉండేది. దిండు గలీబులు, పరదాలు, పేషెంట్ల గౌన్లు, పిల్లల వార్డుల్లో చలికి దూది కోట్లు. అమ్మ కత్తిరించేది, నేను కుట్టేదాన్ని.

గుండుకి మూడేళ్ళప్పుడు రక్తంలో జబ్బు చేసింది. గుండంటే మా మేనల్లుడు. ఇప్పుడు వాడి తలలో దువ్వెన పెడితే పళ్ళు విరుగుతాయి, అంత జుట్టు. అప్పుడు మాత్రం మందుల దెబ్బకి ఒక్క వెంట్రుక మిగల్లేదు. జుట్టు తిరిగొచ్చింది గానీ పేరు పోలేదు. ఆస్పత్రిలో మూడో వార్డులో ఎనిమిది నెలలున్నాడు. ఆ జబ్బుకి నరంలోకి ఎర్రటి మందొకటి ఎక్కించేవాళ్ళు. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు, నర్సులతో సహా అందరం ఎర్రమందనే అనేవాళ్ళం. పిల్లాడి బరువు చూసి కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున ఇచ్చేవాళ్ళు. ఇంతే లెక్క. పన్నెండు కిలోల పిల్లాడికి పన్నెండు.

వాడు బతికాడు. ఇంటికి పంపేరోజు డాక్టరుగారు వదినని కూర్చోబెట్టి చెప్పాడు. "జబ్బు పోయిందమ్మా. కానీ ఈ మందు కొందరికి తర్వాతెప్పుడో గుండెని బలహీనం చేస్తుంది. ఎవరికి చేస్తుంది, ఎంత మందుకి చేస్తుంది, ఎన్నేళ్ళకి చేస్తుంది, ఇవేవీ ఇంకా మాకే సరిగ్గా తెలీవు. చూస్తూ ఉండండి."

ఆయన మాటవరసకి అన్నాడు. ఈ మహాతల్లి నిజంగానే చూస్తూ ఉండిపోయింది. ముప్పయ్యొక్క ఏళ్ళు! వాడు మెట్లెక్కి వస్తుంటే పైమెట్టు మీద నిలబడి వాడి ఊపిరి లెక్కపెట్టేది. బంతాట ఆడొచ్చి రొప్పితే ఈవిడ మొహం తెల్లబడేది. పెళ్ళిలో వాడికి చెమట పడుతుంటే నా చెవిలో "చెమట మామూలుదేనంటావా?" అని అడిగింది. పెళ్ళికొడుకుకి చెమట పట్టకపోతే ఎవరికి పడుతుంది వదినా అన్నాను. ఇప్పుడు వాడికి ముప్పై నాలుగు, బస్సుల డిపోలో మెకానిక్కు, రెండు వీధుల అవతల పెళ్ళాం, కూతురుతో ఉంటాడు. పరీక్షకి రమ్మంటే రాడు. ఆరేళ్ళుగా ఇదే గొడవ. "నాకేం కాలేదమ్మా" అంటాడు. పైకి నవ్వుతాడు గానీ భయం. మా వంశంలో మగాళ్ళ ధైర్యం అంతా గొంతులోనే, నాకు తెలీదూ?

ఇంక వదిన ఉద్యోగం సంగతి. ఆ ఎనిమిది నెలలూ మంచం పక్కన ఊరికే కూర్చోలేక, వార్డులో పెద్దసిస్టరు పుస్తకాలకి గీతలు కొట్టిపెట్టేది. పెద్దసిస్టరంటే మూడో వార్డు నర్సులందరికీ పైన ఉన్నావిడ. పొట్టిగా, గట్టిగా, ఆవిడ నడిచొస్తుంటే డాక్టర్లు కూడా సిగరెట్టు దాచేసేవాళ్ళు. వదిన చేతిరాత చూసి ఆవిడే రికార్డుల గదిలో పని ఇప్పించింది. మా వదిన కొడుకుని మోసుకుంటూ లోపలికెళ్ళి ఉద్యోగంతో బయటికొచ్చింది.

మొదట కట్టలు కట్టడం, అట్టలు వేయడం. తర్వాత కంప్యూటర్లొచ్చాక ఆ పాత కాగితాలన్నీ చూసి టైపు కొట్టడం. డాక్టర్ల రాత సంగతి మీకు చెప్పాలా? కాళ్ళకి సిరా అంటుకున్న చీమ నడిచినట్టుంటుంది. అందులో ఏది మందో ఏది సంతకమో చెప్పగలిగేది ఆ భవనం మొత్తానికి మా వదినే. తెలీనిది తెలీదనే కొట్టేది, ఊహించి నింపేది కాదు. "ఖాళీ ఉంటే ఎవరైనా మళ్ళీ వెతుకుతారు, తప్పు ఉంటే ఎవరూ వెతకరు" అనేది. ఇంటి సామాన్ల చీటీ రాసినా అదే పద్ధతి, చచ్చిపోతున్నాం.

ఐదేళ్ళ కిందట ఆస్పత్రి వెనకాల దుప్పట్లు ఉతికే పాత షెడ్డుని బాగుచేసి పెద్ద కంప్యూటర్లు పెట్టారు. ఆ షెడ్డే ఎందుకంటే నేల గట్టిది, లావు నీళ్ళ గొట్టాలు ముందే ఉన్నాయి. ఆ మిషన్లు వేడెక్కిపోతాయట, చుట్టూ చల్లటి నీళ్ళు తిరుగుతూనే ఉండాలట. ఇంట్లోవాళ్ళు కూడా చూడొచ్చని ఒకసారి అనుమతిస్తే నేనూ వెళ్ళాను. నల్లటి బీరువాలు వరసలు వరసలు, లోపల ఒకటే హోరు, పక్కమనిషి మాట వినపడదు. నాలాంటిదానికి అది నరకం. "ఇక్కడ మాట్లాడ్డం కుదరదు కదా, నువ్వెంత ముద్దొస్తున్నావో" అంది మా వదిన, బయటికొచ్చాక.

ఆ బీరువాల్లో పదకొండు ఆస్పత్రుల రికార్డులున్నాయి. ఎర్రమందు తీసుకున్న పిల్లలే తొమ్మిది వేల మంది. ఎవరికి ఎంత పడింది, ఎన్నిసార్లు, రక్తం లెక్కలు, గుండె ఫొటోలు, పెద్దయ్యాక ఏమైంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి ఎవరి గుండె ఎందుకు దెబ్బతిందో తేల్చాలంటే మనిషికి ఏడు జన్మలు చాలవు. ఆ మిషను పది రోజుల్లో తేలుస్తుందట. డాక్టరుగారు తెలీదన్నాడే, ఆ మూడు ప్రశ్నలకీ జవాబు దొరుకుతుందన్నమాట. వదిన మూడేళ్ళు ఈ పని మీదే కూర్చుంది. రిటైరవ్వడానికి ఏడాది కూడా లేదు, జవాబు చూసే బయటికొస్తానంది.

ఇందులో ఒక నియమం ఉంది. కాగితం ఆ షెడ్డులోకి వెళ్ళేలోపు దాని మీద పేరు తీసేసి ఒక నంబరు వేస్తారు. ఏ నంబరు ఎవరిదో లోపలివాళ్ళకి తెలీదు. పేర్లూ నంబర్లూ కలిపిన పుస్తకం వేరే ఆఫీసులో, తాళంలో. నేను ఊరుకుంటానా? "వదినా, గుండుగాడిది ఏ నంబరో చూడవే. పుట్టినరోజు చూస్తే పట్టుకోలేవూ?" అని పోరాను. "తప్పు" అంది. అంతే. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ నోట్లో నానడమే కాదు, మొలకెత్తి కాయ కాసినా బయటికి రాదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చి, పైకి వెళ్ళకుండా నా షాపులో కూలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"మూడో వార్డు పిల్లల్ని తీసేస్తున్నారు" అంది.

"తీసేయడమేంటి? వాళ్ళెప్పుడో ఇళ్ళకెళ్ళిపోయారుగా?"

"లెక్కలోంచి తీసేస్తున్నారు. నాలుగొందల పన్నెండు మంది. అందర్నీ."

అసలు సంగతి ఇది. ఆ మిషను ముందర ఒక జల్లెడ పెట్టారు. జల్లెడంటే అదీ ఒక ప్రోగ్రామే, తప్పుల తడకగా ఉన్న రికార్డుల్ని ఏరి పక్కన పడేస్తుంది. దాని పద్ధతి సులువు. బరువు చూస్తుంది, మందు చూస్తుంది. పద్నాలుగు కిలోలకి పద్నాలుగు ఉంటే సరే. లేకపోతే ఎవరో తప్పు రాశారని తోసేస్తుంది. మిగతా వార్డులు, మిగతా ఆస్పత్రులు సుబ్బరంగా సరిపోయాయి. మూడో వార్డులో మాత్రం ఒక్కటంటే ఒక్కటి సరిపోలేదు. ప్రతి పిల్లాడికీ మందు తక్కువే ఉంది.

"నేనే తప్పు కొట్టానేమోనని పాత కాగితాలు తీయించి చూశాను" అంది వదిన. "నా తప్పు కాదు. కాగితంలోనే అలా ఉంది."

షెడ్డులో ఈ పనంతా చూసేది ఒక చిన్నమ్మాయి. డాక్టరే, కానీ రోగుల్ని చూడదు, అంకెల్ని చూస్తుంది. మేం లెక్కల డాక్టరమ్మ అంటాం. వదిన ఆ పిల్లతో పోట్లాడిందట. మా వదిన పోట్లాడ్డం! నాకు ముందు అదే నమ్మబుద్ధి కాలేదు.

"పెద్దసిస్టరు లెక్క తప్పదు డాక్టరమ్మా, నేను ఎనిమిది నెలలు చూశాను" అందట.

"నేను మిమ్మల్ని నమ్ముతానాంటీ. కానీ నమ్మకానికి నా పట్టికలో గడి లేదు. ఎందుకు తక్కువో కారణం చెప్పండి, అందర్నీ వెనక్కి తెస్తాను" అందట ఆ పిల్ల. "సోమవారం మన వంతు. ఆ మిషను కోసం ఎంతమంది క్యూలో ఉన్నారో మీకు తెలుసు. ఈ వంతు పోతే మళ్ళీ ఏడాదికే. శనివారం దాకా ఆగగలను."

ఆ పిల్లని తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే తిట్టడానికేం లేదు. కొలత తప్పిన గుడ్డ నేనైనా కత్తిరించను.

వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మిగతా పిల్లలందరికీ జవాబు వస్తుంది. మావాడి వార్డుకి తప్ప. ముప్పయ్యొక్క ఏళ్ళు ఎదురుచూసింది దీనికోసమా?"

నాకేమో ఓదార్చడం చేతకాదు. టీ పెట్టి ఇచ్చాను. చెప్పులు విప్పమని కసిరాను. ఇంతకంటే ఏం చేయాలో తోచలేదు.

బుధవారం, గురువారం ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. పెద్దసిస్టరుని అడగొచ్చుగా అన్నాను. "ఏమని అడగను? మీ వార్డు లెక్కలన్నీ తప్పని తోసేశారండీ అని ఎనభై రెండేళ్ళ మనిషి మొహం మీద చెప్పనా? కారణం దొరక్కపోతే ఆవిడకి ఆ మాట తెలియనే కూడదు" అంది. అదీ మా వదిన. తన ఇల్లు కాలుతున్నా పక్కింటివాళ్ళని నిద్రలేపడానికి మొహమాటపడే రకం. అన్నయ్య పేపరు తిప్పుతూ, "కత్తెరా, దానితో ఏదైనా మాట్లాడు, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరైనా మాట్లాడమని అడగడం అదే మొదటిసారి.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ షాపులోకి వచ్చింది. ఈసారి మొహంలో ఏదో వెలుగు, కానీ సగమే.

"లెక్కల డాక్టరమ్మా నేనూ ఇవాళంతా కూర్చున్నాం. బరువులోంచి మందు తీసేస్తే ఎంత మిగులుతోందో ప్రతి పిల్లాడికీ చూశాం. తప్పులైతే రకరకాలుగా ఉండాలి కదా? ఒకడికి పావుకిలో, ఇంకొకడికి మూడు కిలోలు. అలా లేదు. రెండే అంకెలొస్తున్నాయి."

ఏవీ, ఆ అంకెలు చూపించమన్నాను. ఆఫీసు కాగితం ఇంటికి తెచ్చే మనిషా ఆవిడ? నా సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీద గీసింది. ఒక కుప్ప, పక్కన ఇంకో కుప్ప. మధ్యలో ఏమీ లేదు.

"ఈ కుప్పలో అందరికీ తొమ్మిది వందల గ్రాములు తేడా. ఈ కుప్పలో అందరికీ కిలో రెండొందలు. ఆ పిల్ల తల పట్టుకుంది. ఇన్నేళ్ళు ఇంత కచ్చితంగా తప్పు చేయడం ఎవరి తరమూ కాదాంటీ, ఇది తప్పు కాదు, ఇంకేదో, కానీ ఏంటో తెలీదు అంటోంది. ఒక్కటి మాత్రం కనిపెట్టాం. ఈ చిన్న కుప్పలో అందరూ నాలుగేళ్ళ లోపు పిల్లలు. పెద్ద కుప్పలో నాలుగు దాటినవాళ్ళు."

నాలుగేళ్ళ లోపు, నాలుగు దాటినవాళ్ళు. నా చేతిలో సూది ఆగిపోయింది.

"వదినా" అన్నాను. "చిన్న సైజు, పెద్ద సైజు."

"ఏంటి?"

"కోట్లే! దూది కోట్లు! రెండే సైజులు కుట్టేవాళ్ళం కదే! నాలుగేళ్ళ దాకా చిన్నది, ఆపైన పెద్దది. అమ్మ మూడో సైజు కుడతానంటే ఆస్పత్రివాళ్ళు వద్దన్నారు!"

వదిన నోరు తెరిచి నన్నే చూస్తోంది. ఆ పాత భవనం ఏడాది పొడుగునా మంచుగడ్డలా ఉండేది. కిటికీలు సరిగ్గా మూసుకునేవి కావు. వార్డుల్లో పిల్లలందరికీ మెడ నుంచి పాదాల దాకా దూది కోట్లు వేసేవాళ్ళు. గుండుగాడు అందులో తలగడకి తల మొలిచినట్టుండేవాడు. పొద్దున్నే బరువు తూచేటప్పుడు కూడా అవి విప్పేవాళ్ళు కాదన్నమాట. తల్లుల్ని పదిగంటల దాకా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, అందుకే వదిన ఆ తూకం ఎన్నడూ చూడలేదు.

"ఒక్క కోటు దొరికితే తూచేద్దాం. ఎక్కడ దొరుకుతుంది, ముప్పయ్యేళ్ళ నాటిది?" అని వదిన గదంతా చూస్తోంది. నేనూ లేచి అటకమీద మూటలు దించాను, పెట్టెలు తిరగేశాను. దుమ్ముకి తుమ్ముతూ వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను.

కూర్చుని, మళ్ళీ లేచాను.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఇన్నేళ్ళుగా కూర్చున్నదే దాని మీద! మిగిలిపోయిన చిన్న కోటుని మడిచి అమ్మ స్టూలుకి మెత్తగా కట్టింది. ఇస్త్రీ బల్ల మీద పరిచి మేకులు కొట్టినది పెద్ద కోటు. గుర్తు పెట్టుకోమన్నానా లేదా?

మేకులు పీకి, దారాలు తెంపి, రెండూ పట్టుకుని వీధి మలుపులో కూరగాయలమ్మే ఆయన దగ్గరికి పరుగెత్తాం. నాకు మోకాళ్ళ నొప్పులు, వదినకి ఆయాసం, అయినా పరుగే. "ఇదేం కూరండీ?" అన్నాడు ఆయన. "నోరుమూసుకుని తూచు" అన్నాను. చిన్నది ఎనిమిది వందల డెబ్భై. పెద్దది కిలో నూట ఎనభై.

"కాస్త తక్కువుంది" అంది వదిన.

"ముప్పయ్యేళ్ళు ఇస్త్రీ పెట్టె కింద కాలింది, నా కింద నలిగింది. ఇరవై, ముప్పై గ్రాములు అరగవూ? దూది వదినా, ఇనుమా?"

శనివారం పొద్దున్నే పెద్దసిస్టరు ఇంటికెళ్ళాం. ఇప్పుడు కారణం చేతిలో ఉంది కాబట్టి వదినకి ధైర్యమొచ్చింది. లెక్కల డాక్టరమ్మ కూడా మాతో వచ్చింది. బ్రెడ్డు షాపు పైన రెండు గదుల ఇల్లు, ఎక్కడా ఒక్క దుమ్ముకణం లేదు. పెద్దసిస్టరు ఇంకా కురచైపోయింది గానీ చూపు మాత్రం అదే. నేను తెలీకుండానే చేతులు వెనక్కి కట్టుకున్నాను.

వదిన కోట్లు ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ తడిమి చూసింది.

"మీ అమ్మ కుట్టే కుట్టు" అంది నాతో. "గట్టి పనిమంతురాలు."

లెక్కల డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. "సిస్టరుగారూ, మీ వార్డులో మందు లెక్కకట్టేటప్పుడు కోటు బరువు తీసేసేవాళ్ళా?"

"తీసేయక?" అంది పెద్దసిస్టరు. "కొత్త కోట్లు వచ్చిన రోజే రెండు సైజులూ కాటా మీద పెట్టి చూశాను. చిన్నది తొమ్మిది వందలు, పెద్దది కిలో రెండొందలు. మందుల అలమర తలుపు మీద రాసి అంటించాను. డాక్టరు అది చూసి సంతకం పెట్టేవాడు."

"మరి పుస్తకంలో కోటుతో కలిపిన బరువే రాశారే?"

"కాటా చూపించిందే రాయాలని ఆఫీసు రూలు. రాశాను. మందు మాత్రం బిడ్డకి కదా ఇవ్వాల్సింది, కోటుకి కాదుగా?"

లెక్కల డాక్టరమ్మ మొహం చూడాలి అప్పుడు. నెమ్మదిగా, "మరి మిగతా వార్డుల్లో?" అంది.

పెద్దసిస్టరు కోటు అంచు సర్దింది. "చెప్పాను. ఒకసారి కాదు, చాలాసార్లు. కొంచెం తేడాకి ఇంత రాద్ధాంతమా అన్నారు. పన్నెండు కిలోల బిడ్డకి కిలో అంటే కొంచెమా?"

అప్పుడు నాకు కూడా అర్థమైంది. మిగతా వార్డుల్లో కోటుకి కూడా మందు ఇచ్చారు. అందుకే వాళ్ళ అంకెలు చక్కగా సరిపోయాయి. జల్లెడ తప్పుని ఉంచుకుని ఒప్పుని పారబోసింది. పాపం దాని తప్పూ కాదు, దానికి కోట్ల సంగతి ఎవరు చెప్పారు?

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వదిన చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, వీళ్ళని వెనక్కి తేవడం ఒక్కటే కాదు. ఒకే ఆస్పత్రి, ఒకే మందు, ఒకే చలి. ఒక వార్డుకి కొంచెం తక్కువ, మిగతావాళ్ళకి కొంచెం ఎక్కువ. ఇలాంటి పోలిక కావాలని ఎవరూ చేయలేరు, చేయకూడదు కూడా. అది మన దగ్గర ముప్పయ్యేళ్ళుగా పడి ఉంది." అప్పటికప్పుడు షెడ్డుకి పరుగెత్తింది. ఆ సాయంత్రం ఫోను చేసింది. కోటు బరువు తీసేస్తే నాలుగొందల పన్నెండు మందిలో నాలుగొందల తొమ్మిది మందికి లెక్క చుక్కకి చుక్క సరిపోయిందట. మిగతా ముగ్గురివీ నిజంగానే తప్పులట. ముగ్గురు! పెద్దసిస్టరుకి చెప్తే, "ఏ ముగ్గురు?" అని గుచ్చి గుచ్చి అడిగింది.

సోమవారం మిషను మొదలైంది. పది రోజులన్నది పన్నెండైంది. ఆ తర్వాత దాన్ని ఇంకొకరు మళ్ళీ సరిచూడాలి, ఇంకో ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోవాలి, నెలలు పట్టింది. వదిన రిటైరయ్యే వారంలో జవాబొచ్చింది. మూడో వార్డు పిల్లలకి జబ్బు మిగతావాళ్ళతో సమానంగానే నయమైంది, తక్కువ మందు పడిందని ఎవరికీ తిరగబెట్టలేదు. గుండె దెబ్బతిన్నవాళ్ళు మాత్రం మిగతా వార్డుల్లో వందకి పదకొండు మందైతే, మూడో వార్డులో ఆరుగురు. "ఇది ఒక్క వార్డు మాటే, ఇంకా చూడాలి" అని లెక్కల డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. చెప్పనీ. మా వదిన ఆ కాగితం చదువుకుని చాలాసేపు ఏడ్చింది. సంతోషంతో అనుకున్నాను. సగం అదే. మిగతా సగం ఏంటంటే, "మా మంచం పక్క గోడ అవతల, రెండో వార్డులో, ఇంకో అమ్మ ఉండేది. వాళ్ళ పాపకీ అదే కోటు" అంది.

మొట్టమొదటి ఉత్తరాలు ఆ మిగతా వార్డుల పిల్లలకే వెళ్ళాయి, ముందుగా వచ్చి గుండె చూపించుకోండని. తాళంలో ఉన్న పుస్తకం తెరిచి, పేర్లు కలిపి పంపారు. వదిన అడిగి మరీ, ఉద్యోగంలో చివరి వారం ఆ కవర్లు తన చేత్తో అంటించింది. తర్వాత మూడో వార్డు వంతు. ఆ కవర్లలో ఒకటి రెండు వీధుల అవతల మావాడి గుమ్మంలో పడింది.

గుండు ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఇంతకాలం రానన్నవాడు. "ఇందులో నా గురించి రాశారేంటమ్మా, నేను చిన్నప్పుడు ఏ వార్డో కూడా?" అన్నాడు. వదిన మొత్తం చెప్పింది. మధ్యలో నేను పదిసార్లు అడ్డుపడి నా భాగం కూడా చెప్పాననుకోండి. వాడు స్టూలు వంక, బట్టలేని ఇస్త్రీ బల్ల వంక చూశాడు. "పద" అన్నాడు చివరికి. "రేపే వెళ్దాం."

ముగ్గురం వెళ్ళాం. గుండె ఫొటో తీసే గదికి ముందు ఒక నర్సు, చిన్నపిల్ల, వాణ్ణి కాటా ఎక్కమంది. బయట వాన, వాడు లావుపాటి డిపో కోటు వేసుకుని ఉన్నాడు, జేబుల్లో పానాలు కూడా ఉన్నాయి. అలాగే ఎక్కబోయాడు.

"కోటు విప్పరా" అంది వదిన.

"అమ్మా, ఎనభై కిలోల మనిషిని, కోటుతో ఏమవుతుంది?"

"విప్పు."

విప్పాడు. వదిన ఆ కోటు రెండు చేతులా తీసుకుని గుండెకి హత్తుకుని నిలబడింది. వాడు కాటా ఎక్కాడు. నర్సు అంకె చదివింది, రాసుకుంది. తర్వాత లోపలికి వెళ్ళాడు, అరగంటకి నవ్వుతూ బయటికొచ్చాడు, గుండె రాయిలా ఉందన్నారట. వాడు మెట్లు దిగుతుంటే నేను అలవాటు కొద్దీ ఆవిడ వంక చూశాను. ఆవిడ వాడి ఊపిరి లెక్కపెట్టడం లేదు. కోటు తొడుక్కో, బయట చలి అంటోంది.